పానా దెబ్బ

ఆదివారం అమ్మని చర్చికి తీసుకెళ్దామని వెనక సీట్లో కూచోబెట్టి నా పాత కారు స్టార్ట్ చేశాను. చలికి ఇంజను గొంతు చించుకుని అరిచింది. పచ్చి పెట్రోలు వాసన తగలగానే నాన్న గుర్తొచ్చాడు.

చిన్నప్పుడు నరసన్నపేటలో నాన్న కిరాయికి తిప్పే అంబాసిడర్ కూడా చలికాలం పొద్దున్నే ఇలాగే అరిచేది. నాన్న బానెట్ ఎత్తి, బూతులు తిడుతూ, ఇనప పానాతో కార్బురేటర్ని బాదేవాడు. కాసేపటికి అరుపు తగ్గేది. దెబ్బలకి భయపడే ఇంజను నోరు మూసుకుందనుకునేదాన్ని.

ఒకరోజు అమ్మ గుమ్మంలోంచి, "దాన్నెందుకలా బాదతన్నావు? వేడెక్కితే అదే తగ్గుతాది" అంది.

"నాకు సెప్పొచ్చావేటే" అంటూ నాన్న గుమ్మం దాకా వచ్చి అదే పానాతో అమ్మ మోచేతి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. అమ్మ కేక పెట్టింది. రెండో దెబ్బకి నోరెత్తలేదు. వెనకాల ఇంజను కూడా నెమ్మదించింది. నాన్న దేన్నయినా బాగుచెయ్యగలడనుకున్నాను.

ఇప్పుడు మా వీధి మెకానిక్‌ని పిలిస్తే, అతను బానెట్ మీద చెయ్యి ఆనించి ఊరికే నిలబడ్డాడు. "సల్లగున్నప్పుడు అరుస్తాదమ్మా. వేడెక్కితే అదే తగ్గుతాది. అప్పటికీ తగ్గకపోతే ఏ గొట్టమో సీలి గాలి పీలుస్తన్నట్టు, అప్పుడు సూద్దాం" అన్నాడు.

ఆగాం. ఎవరూ బాదకుండానే తగ్గింది.

వంకరగా అతుక్కున్న మోచెయ్యి ఒళ్లో పెట్టుకుని అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"నాను అప్పుడే సెప్పేను గదే" అంది.