గుమ్మం ముందు మావి ముంత

నాకు దెయ్యాల మీద ఏనాడూ నమ్మకం లేదు. మనుషుల మీద అనుమానం మాత్రం బోలెడు. అందుకే ఆ పొద్దున నా చూపు నేరుగా పక్కింటి రమణమ్మత్త మీదికే పోయింది.

మాది ఇందుకూరుపేట దగ్గర సముద్రం ఒడ్డు పల్లె. చేపల వేటే బతుకు. అక్క కాన్పుకి పుట్టింటికి వచ్చింది. నెల్లూరు ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. బిడ్డ వెనక పడే మావిని మావాళ్లు అక్కడ వదిలిపెట్టరు. అడిగి తెచ్చుకుని, ముంతలో ఉప్పూ పసుపూ వేసి పెరట్లో పూడ్చిపెడతారు. పిల్లలు లేనివాళ్లు ఎత్తుకుపోయి ఏదో చేయిస్తారని భయం. రమణమ్మత్తకు పిల్లలు లేరు.

నేనే లోతుగా గొయ్యి తీసి పూడ్చాను. పైన పాత లంగరు రాయి పెట్టాను. తెల్లారి చూస్తే ముంత మా గుమ్మం ముందు ఉంది. మూతకు కట్టిన గుడ్డ ముడి కూడా ఊడలేదు. పెరట్లోకి పరిగెత్తాను. రాయి పెట్టినచోటే ఉంది. ఇసుక తవ్విన జాడ లేదు, కుక్క అడుగులూ లేవు.

రమణమ్మత్తను నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమె ఏడ్చేసింది. "మీ అక్క నా చేతుల్లో పెరిగిందిరా. నేనెందుకు ముట్టుకుంటా దాన్ని?"

అమ్మ ముడి విప్పింది. మావి మీద అక్కడక్కడా బొగ్గుపొడి చల్లినట్టు నల్లటి మచ్చలు. "ఇది మన బిడ్డది కాదురా, మార్చి ఇచ్చినారు" అంది. ఇక నాకు ఆసుపత్రి మీద కూడా అనుమానం పుట్టింది. ముంత పట్టుకుని పోట్లాటకే వెళ్లాను.

డాక్టరమ్మ దాన్ని చూసి నాతో వాదించలేదు. ఇంకా ఆసుపత్రిలోనే ఉన్న అక్క మంచం దగ్గరికి వెళ్లి ఒళ్లంతా వెతికింది. అరికాల్లో నల్లటి మచ్చ. చేపముల్లు దిగి అలా అయిందని అందరం అనుకున్నదే. పరీక్షల్లో క్యాన్సర్ అని తేలింది. అప్పటికే మావిలోకి, ఊపిరితిత్తుల్లోకి పాకిందట. బిడ్డకు మాత్రం ఏమీ లేదన్నారు. ఇంకా ఆలస్యమైతే తల్లి దక్కేది కాదన్నారు.

ఇప్పుడు పాప నడుస్తోంది. అక్క మందుల మీదే ఉన్నా, నా మీద కేకలేసే ఓపిక వచ్చింది. అంతకంటే నాకేం కావాలి?

మొన్న రమణమ్మత్త దగ్గరికి వెళ్లాను. "నేనే తీసినానని ఒక్క మాట చెప్పత్తా, నీ కాళ్లు పట్టుకుంటా" అన్నాను. ఆమె చంకలో ఉన్న పాపను సర్దుకుంటూ, "నేను తియ్యలేదురా నాయనా" అంది.

అబద్ధమైనా సరే, అవునని ఉంటే నాకు నిద్ర పట్టేది.