చేప ముల్లని చెప్పలేదు

గల్ఫ్ దేశంలో, అల్ అమెరాత్‌లో సైట్ మీద స్లాబుకు స్టీల్ కడుతున్నాను. బైండింగ్ వైరు మెలిపెట్టబోతే కుడిచేతి నడిమి వేలు వంగలేదు. కణుపు దగ్గర బఠాణీ గింజంత గడ్డ. నొప్పి పెద్దగా లేదు. అదే నన్ను ముంచింది.

అది ఎక్కడిదో నాకు తెలుసు. మూడు వారాల కింద, శుక్రవారం సెలవు నాడు, మత్రా అవతల సముద్రపు రాళ్ల మీద నిలబడి గాలం వేశాను. పడ్డ చేపను విడిపిస్తుంటే రెక్క ముల్లు వేలిలో దిగింది. చిన్నప్పుడు గోదావరి ఒడ్డున మొదలైన పిచ్చి ఇది. పాత సైట్‌లో ఒక విదేశీ ఇంజనీరు, వాళ్ల నదుల్లో సాల్మన్ చేపల్ని ఎర లేకుండా, ఈకలు చుట్టిన గాలంతో పడతారని చెప్పి, అది కట్టడం నేర్పాడు. అప్పటి నుంచి నేను కోడి ఈకలు దాచుకుంటుంటే రూమ్‌లో అందరూ నవ్వేవారు. యాభైకి దగ్గరపడ్డా ఆ పిచ్చి తగ్గలేదు.

క్లినిక్‌కు బయలుదేరుతుంటే రూమ్మేట్ యాదగిరి ఆపాడు.

"చేప ముల్లని చెప్పకన్నా. సైట్ల వైరు గుచ్చుకున్నదని చెప్పు. డ్యూటీ దెబ్బయితేనే కంపెనీ చూస్తది."

మాలో చాలామంది చేసే పనే. నేనూ అలాగే చెప్పాను. డాక్టరు నమ్మి టీటీ ఇంజెక్షన్ ఇచ్చి, యాంటీబయాటిక్స్ రాశాడు.

తగ్గలేదు. మందు మార్చారు. చీము తీద్దామని కోస్తే చీము రాలేదు. కట్టు మార్చుకుంటూ డ్యూటీకి పోయాను. రెండో నెలకు మణికట్టు పైన ఇంకో గడ్డ, మోచేతి దగ్గర మరొకటి లేచాయి. ఎక్స్‌రే, షుగర్ టెస్ట్ నార్మల్. ప్రతి డాక్టరూ ఎలా తగిలిందని అడిగేవాడు, నేను వైరు అనేవాడిని. చెప్పి చెప్పి నాకే నిజమనిపించేది. చెయ్యి పోతుందేమోనని భయం. పోతే స్టీల్ కట్టలేను, గాలం వేయలేను. ఆ రెండు తప్ప నాకేమీ చేతకాదు.

నాలుగో నెలలో పెద్దాసుపత్రికి పంపారు. అక్కడి మలయాళీ డాక్టరమ్మ వేలి నుంచి మోచేతి దాకా గడ్డల వరుస చూసి, హిందీలో మెల్లగా అడిగింది.

"మచ్లీ పకడ్తే హో క్యా?"

చేపలు పడతావా అని. అప్పటికే బాగా అలసిపోయాను. అవునన్నాను. ఎందుకు దాచానో కూడా చెప్పాను. ఆమె తిట్టలేదు. బయాప్సీ తీసి కల్చర్‌కు పంపింది. రిపోర్టు రావడానికి వారాలు పట్టింది. మైకోబాక్టీరియం అట, నీళ్లలో, చేపల మీద ఉండే క్రిమి. ముందు వాడిన మందులకు లొంగదట. మొదట్లోనే తెలిసుంటే వేలిని వంచే టెండన్ దాకా పోయేది కాదన్నది.

ఆరు నెలలు రెండు రకాల మాత్రలు మింగాను. కడుపులో తిప్పి అన్నం సహించేది కాదు. గడ్డలు మానాయి. వేలు మాత్రం సగమే వంగుతుంది. ఇప్పుడు స్టోర్‌లో డ్యూటీ. శుక్రవారం సముద్రానికి పోతాను, గ్లవ్స్ వేసుకుని. ఈకలు కట్టడం కుదరడం లేదు, దుకాణంలో కొన్న గాలమే వేస్తున్నాను. యాదగిరిని ఏమీ అనలేదు. అతను నా మంచికే చెప్పాడు, అబద్ధమాడిన నోరు నాది.

మందులు అయిపోయాక మా సూపర్‌వైజరు దగ్గరికి పోయి నిజం ఒప్పుకున్నాను. కరీంనగర్ మనిషి. ఆయన ఫైలులోంచి తల కూడా ఎత్తలేదు.

"దేంతోని తాకితే ఏందయ్యా, డ్యూటీ దెబ్బకైనా బయటి దెబ్బకైనా ఇన్సూరెన్స్ కార్డు ఒక్కటే గదా."

ఈ మాట ఎవరినీ ముందు అడగలేదు నేను. దెబ్బ ఎలా తగిలిందో డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి. కంపెనీకి ఏం చెప్పాలో తర్వాత ఆలోచించుకోవచ్చు.