తంగేడు కషాయం, గంజి నీళ్ళు

నా చిన్నప్పుడు మా తాతయ్య ఇచ్చిన తంగేడు కషాయంతో మా తమ్ముడికి విరేచనాలు ఒక్క పూటలో ఆగిపోయాయి. అదే రోజు పొద్దుగూకకముందే తమ్ముడు చనిపోయాడు. ఈ రెండు మాటల్లో మొదటిది మాత్రమే మా వాడలో మిగిలింది. రెండోదాని వెనుక సంగతి తెలిసినవాళ్ళం ఇప్పుడు ఇద్దరమే ఉన్నాం. అందులో ఒకరికి చెవులు వినపడవు. అందుకే రాసి పెడుతున్నాను.

రాయక తప్పని అవసరం పోయిన నెలలో వచ్చింది. మందు మొక్కల మీద పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి సిద్దిపేట చుట్టుపక్కల ఊళ్ళు తిరుగుతూ మా ఊరికీ వచ్చింది. వాళ్ళ కాలేజీలో ఎలుకలకు ఆముదం తాగించి, ఆ తరువాత మొక్కల రసం ఇచ్చి, పంజరం కింద పరిచిన తెల్ల కాగితం మీద ఎన్ని మరకలు పడ్డాయో లెక్కపెడతారట. నేను లైబ్రరీలో ఇలాంటివి కొన్ని చదివి ఉన్నాను కాబట్టి ఆమె చెప్పేది నాకు బాగానే అర్థమైంది. అప్పటికే వాడలో నలుగురిని అడిగి కాగితం మీద రాసుకుంది. తంగేడు చెక్క, కషాయం, ఒక్క పూట. ఎవరికి తగ్గిందమ్మా అని అడిగితే, "మీ తమ్మునికేనట గదా అమ్మమ్మా, అందరు అదే చెప్తున్నరు" అన్నది. నయమైనవాళ్ళ వరుసలో మా తమ్ముడున్నాడు. ఆ కాగితం పక్కన పెట్టమని చెప్పి, ఆ సాయంత్రమంతా కూర్చోబెట్టుకొని జరిగింది చెప్పాను.

మా తాతయ్యది తోళ్ళ పని. మోటబావుల్లో నీళ్ళు తోడే తోలు తొండాలు, ఊరందరికీ చెప్పులు ఆయన చేతుల మీదుగానే తయారయ్యేవి. ఇంటి వెనుక లంద ఉండేది. పచ్చి తోళ్ళను తంగేడు చెక్క వేసిన నీళ్ళలో నానబెట్టే తొట్టిని మా దగ్గర లంద అంటారు. ఆ చెక్కలోని వగరు తోలును బిగిస్తుంది. తోలును బిగించేది పేగును కూడా బిగిస్తుందని ఎవరు మొదట అనుకున్నారో తెలియదు గానీ, తాతయ్య వాళ్ళ నాన్న కాలం నుంచే కడుపు జారినవాళ్ళకు మా ఇంట్లో తంగేడు కషాయం ఇచ్చేవారు. తోలుకు పెట్టే మందు మనుషులకు పెడుతున్నాడని కొందరు వెక్కిరించేవారు. "నీ తోలు గూడ గట్టివడ్తది తియ్యి, ఎవల మాటలూ తాకయి" అని తాతయ్య వాళ్ళకు జవాబు చెప్పేవాడు. వెక్కిరించినవాళ్ళే అవసరానికి వచ్చేవారు.

నాకు తొమ్మిదేళ్ళు, తమ్ముడికి రెండు దాటాయి. వానలు మొదలై బావుల నీళ్ళు ఎర్రబడిన రోజులవి. ఒకనాటి సాయంత్రం తమ్ముడికి విరేచనాలు పట్టుకున్నాయి. అదే రాత్రి పక్కింటి అక్క బిడ్డకూ మొదలయ్యాయి. తెల్లవారేసరికి తమ్ముడు బట్టలా వేలాడిపోయాడు. మా నాన్న సిద్దిపేట దవాఖానకు తీసుకుపోదామని ఎడ్లబండి అడగడానికి పటేలు ఇంటికి పోయాడు. ఆ లోపల తాతయ్య కషాయం కాచి మా తమ్ముడికి ఉగ్గుగిన్నెతో రెండుసార్లు పట్టించాడు. పక్కింటి పిల్లకూ అంతే కొలతతో ఇచ్చి వచ్చాడు.

బండి వాకిట్లోకి వచ్చేసరికి తమ్ముడికి విరేచనం కాక చాలా సేపైంది. నాయనమ్మ బండివాడిని లోపలికి కూడా రానివ్వలేదు. "కట్టినంక దవాఖానెందుకురా, వాళ్ళ ఎడ్లకు పనిలేదా" అని తిప్పి పంపింది. ఇంట్లో అందరి ముఖాలూ తేటపడ్డాయి. నాట్ల కాలం కాబట్టి అమ్మ మధ్యాహ్నం కూలికి పోయింది. పోతూ పోతూ తమ్ముడి నుదురు నిమిరింది.

మా ఇంట్లో ఒక కట్టడి ఉండేది. కడుపు జారినవాళ్ళకు నీళ్ళు ఇవ్వకూడదు. తాగిన నీళ్ళే మళ్ళీ పోతాయని, మందు కొట్టుకుపోతుందని నాయనమ్మ నమ్మకం. మా ఇంట్లోనే కాదు, చుట్టుపక్కల అన్ని ఇళ్ళల్లోనూ అదే మాట. నాయనమ్మ ఆ రోజు నీళ్ళ కుండ దగ్గర నన్ను కాపలా పెట్టింది. "వాడు ఏడ్చినా ఇయ్యకు. ఇచ్చినవంటె నీ పాపం" అన్నది.

తమ్ముడు అడిగాడు. వాడికి వచ్చిన పది పదిహేను మాటల్లో నీళ్ళు అనే మాట ఒకటి. చాలాసార్లు అడిగాడు. నేను చేతి వేళ్ళతో ఆటలు ఆడించాను, పిచ్చుకను చూపించాను, కొంచెంసేపు ఆగమన్నాను. ఏడ్చాడు కానీ కళ్ళ వెంట నీళ్ళు రాలేదు. అది నేను గమనించాను. గమనించి, ఊరికే మారాం చేస్తున్నాడని అనుకున్నాను. కొంతసేపటికి అడగడం మానేశాడు. మానేసినందుకు నాకు హాయిగా అనిపించింది. ఇప్పటికీ ఈ వాక్యం రాయడానికే నాకు ఎక్కువ కష్టమైంది.

లంద దగ్గర పని ముగించుకొని తాతయ్య లోపలికి వచ్చాడు. తమ్ముడి పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి వదిలాడు. అది పట్టినట్టే లేచి ఉండిపోయింది, మళ్ళీ సర్దుకోలేదు. తోలును చేత్తో చూసి మంచిచెడ్డలు చెప్పే మనిషి ఆయన. ఆ ముఖంలో రంగు ఎట్లా మారిందో నేను చూశాను. "పొద్దటిసంది వీనికి ఉచ్చ వచ్చిందా" అని నన్ను అడిగాడు. రాలేదని చెప్పాను. కుండ లాక్కొని నోట్లో నీళ్ళు పోశాడు. అవి పెదవుల పక్క నుంచి కారిపోయాయి. నాన్న మళ్ళీ బండి కోసం ఉరికాడు. ఆ బండితో పని పడలేదు.

పక్కింట్లో విరేచనాలు మూడు రోజులు ఆగలేదు. మా ఇంటికి పరామర్శకు వచ్చిన ఆడవాళ్ళే అటు పోయి అక్కను దెప్పేవారు. "ముసలాయన మందు వాళ్ళింట్ల కట్టింది, మీ ఇంట్లనే ఎందుకు కట్టలే? సగం ఒలకవోసినవా ఏంది" అన్నారు. ఆ పిల్ల మాత్రం నాలుగోరోజు లేచి కూర్చొని ఆకలి అన్నది.

పిల్ల లేచిందన్న మాట తాతయ్య చెవిన పడింది. తరువాత నా చెయ్యి పట్టుకొని అక్క దగ్గరికి తీసుకుపోయాడు. పిల్లకు ఏమేమి పెట్టావని మెల్లగా అడిగాడు. అక్క మొదట ఏమీ లేదన్నది. తాతయ్య అక్కడే కూర్చున్నాడు. చివరికి అక్క తల వంచుకొని, "అది ఏడుస్తుంటె పానం ఆగలే మామా. గంజిల ఉప్పేసి చెంచతోని తాపిన. దినమంతా తాపిన. మా అత్తకు చెప్పకు" అన్నది.

తిరిగి వస్తూ తాతయ్య అన్న మాటలు నాకు అక్షరం పోకుండా గుర్తున్నాయి. "మందు మనింట్ల పనిచేసింది, పిలగాడు పోయిండు. ఆళ్ళింట్ల పనిచెయ్యలే, పిల్ల బతికింది. మనం లెక్కవెట్టిందే తప్పు బిడ్డా." కొంత దూరం నడిచాక మళ్ళీ అన్నాడు. "ఎండిన తోలుకు ఎవ్వడన్న చెక్క వెడ్తడా? ముందు నీళ్ళల్ల నానేస్తం. లేకుంటె పలుగుతది. గది నాకు ఎరుకే. ఎరికుండి గూడ వానికి పెట్టిన." నేను కుండ దగ్గర కూర్చున్న సంగతి ఎత్తి ఏడ్చాను. ఆయన నన్ను ఎత్తుకున్నాడు. తొమ్మిదేళ్ళ పిల్లను ఆ వయసులో ఎత్తుకొని ఇంటిదాకా నడిచాడు. "కాపలా పెట్టినోళ్ళది గాని, కూసున్నదానిది గాదు" అన్నాడు.

ఆ తరువాత కూడా జనం మందుకు వస్తూనే ఉన్నారు. ఒక్క పూటలో కట్టిందన్న మాట ఊరూరా పాకింది. తమ్ముడు వేరే ఏదో గాలి సోకి పోయాడని వాళ్ళే ఒక కారణం చెప్పుకున్నారు. తాతయ్య ముందు ఉన్న మాట చెప్పి చూశాడు. మందు వద్దు, ఉప్పు గంజి తాగించండి అన్నాడు. ఎవరూ వినలేదు. గంజి కోసం ఇంత దూరం వచ్చామా అని ఒకాయన కోపగించుకొని పోయాడు. పటేలు ఇంటి నుంచి మనిషి వచ్చినప్పుడు ఇంకో చిక్కు ఉండేది. మా ఇంట్లో వండింది వాళ్ళు ముట్టరు, మందు మాత్రం ముడతారు.

అప్పుడు తాతయ్య ఒక పద్ధతి పెట్టాడు. వేలెడంత తంగేడు చెక్క ముక్క ఇచ్చేవాడు. మీ ఇంట్లోనే చెంబెడు పలుచని గంజి కాచి, చిటికెడు ఉప్పు వేసి, చెక్క ముక్క అందులో వేసి, పిల్లకు చెంచాతో పొద్దంతా తాగించాలి. చెంబు ఖాళీ అయితే మళ్ళీ కాచాలి. పిల్ల ఉచ్చ పోసేదాకా ఆపవద్దు. ఒక్క చెంచా తగ్గినా మందు పనిచేయదని గట్టిగా చెప్పేవాడు. జనం భయంగా, భక్తిగా అట్లాగే చేసేవారు. అందరూ బతకలేదు. ముందటికన్నా ఎక్కువమంది బతికారని మా నాన్న చెప్పేవాడు. లెక్క రాసినవాళ్ళు లేరు కాబట్టి నేను అంతకంటే చెప్పను.

రెండేళ్ళ తరువాత ఒకరోజు ఆ చెక్కలు ఆరబెడుతూ ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. వగరు లేదు. తాతయ్య వాటిని వారం రోజులు ఉడకబెట్టి, సారమంతా పారబోసి, ఆరబెట్టి ఇస్తున్నాడు.

"తాతా, గిండ్ల మందే లేదు గదా" అన్నాను.

"ఉన్నది. గంజి ఉన్నది."

"మరి చెక్కెందుకు?"

"చెక్క లేకుంటె గంజి ఎవలు తాపుతరు బిడ్డా?"

నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు.

నేను బడికి పోయింది తక్కువ. పెళ్ళయి సిద్దిపేటలో ఉన్నప్పుడు లైబ్రరీలో పేపరు చదవడంతో మొదలుపెట్టి, బీరువాల్లో అందినవన్నీ చదివాను. ఉప్పూ పిండిపదార్థమూ కలిసి ఉంటే పేగు నీటిని లోపలికి గుంజుకుంటుందని ఒక ఆరోగ్య పుస్తకంలో చదివిన రోజు, ఆ పేజీని మూడుసార్లు చదివాను. అక్క చెంచాలో ఉన్నది అదే. తమ్ముడికి విరేచనం ఆగింది చెక్క వల్లనో, ఒంట్లో పోవడానికి నీరే మిగలకపోవడం వల్లనో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ఇద్దరు పిల్లలతో ఏదీ రుజువు కాదని ఆ కాలేజీ అమ్మాయి అన్నది. ఒప్పుకున్నాను. తంగేడులో గుణం లేదని కూడా నేను అనను, దాన్ని వాళ్ళే పరీక్షించి తేల్చాలి. తేల్చేటప్పుడు మరకలు మాత్రమే లెక్కపెట్టవద్దని అడిగాను. ఆమె కాగితం మీద మా తమ్ముడి వరుసను కొట్టేసి, పక్కన "చనిపోయాడు" అని రాసింది.

ఇప్పుడు ఏ ఇంట్లో చిన్నపిల్లకు విరేచనాలని తెలిసినా అక్కడికి పోతాను. ఎన్నిసార్లు అయిందని అందరూ అడుగుతారు. నేను ఉచ్చ పోసిందా అని అడుగుతాను. పోయలేదంటే ఆ ఇంటివాళ్ళు ఎంత వద్దన్నా, మందుల షాపులో దొరికే ఉప్పు పొట్లం నీళ్ళలో కలిపించి, ఆటో పిలిపించి, పిల్లను దవాఖానకు బయలుదేరదీసేదాకా కదలను. ముసలిదానికి పనిలేదని విసుక్కున్నవాళ్ళున్నారు. విసుక్కోనీ.

ఇది రాయడానికి సాయం చేసినవాళ్ళను తలుచుకోవాలి. పేర్లు వద్దన్నారు కాబట్టి వరుసలతోనే చెబుతాను. ఓపికగా విన్న కాలేజీ అమ్మాయికి, మూసే వేళ దాటినా నన్ను లేపకుండా కూర్చోనిచ్చిన లైబ్రరీ సారుకు, ఇప్పుడు చెవులు వినపడకపోయినా ఆనాడు నిజం చెప్పిన పక్కింటి అక్కకు నా దండాలు. నా గీతలను శుభ్రంగా తిరగరాసి ఇచ్చింది అక్క కూతురు. ఆనాడు బతికిన పిల్ల ఆమే. ఇప్పుడు ఆమెకూ మనుమలున్నారు. ఈ సంగతి ఆమెకు ఇన్నాళ్ళూ తెలియదు. రాస్తూ రాస్తూ కలం ఆపి, "చిన్నమ్మా, ఆనాడే మా అమ్మ మీ ఇంటికొచ్చి ఆ గంజి ముచ్చట చెప్పి ఉంటే?" అని అడిగింది.

మా నాయనమ్మ వినేది కాదమ్మా అన్నాను. అది నిజమో కాదో నాకు తెలియదు. ఆమెకు మాత్రం అట్లాగే చెప్పాను.