ఉష్‌గారి పడవ

ఆ ఇంటి మామగారికి చప్పుడు పడదు. కొందరికి దుమ్ము పడదు, కొందరికి పాలు పడవు, ఈయనకి చప్పుడు పడదు. కుర్చీ లాగితే ముఖం చిట్లిస్తారు. బల్ల మీద గ్లాసు టక్కున పెడితే ఉలిక్కిపడతారు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే పెదాల మీద వేలు పెట్టి "ఉష్" అంటారు. దాంతో ఆయన అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తు లేకుండా పోయింది, అందరికీ ఉష్‌గారే. ఒకసారి పోస్టుమాన్ సైకిలు ఆయన గుమ్మం ముందు కిర్రుమంది. ఉష్‌గారు జేబులోంచి నూనె డబ్బా తీసి చెయిను నుంచి సీటు దాకా పట్టించారు. అప్పట్నుంచీ ఆ ఇల్లు వచ్చేసరికి పోస్టుమాన్ సైకిలు దిగి నడిపించుకుంటూ పోతున్నాడు.

అలాంటి ఇంటికి కోడలై వచ్చిన పిల్ల ఎలాంటిదనుకున్నారు? కుట్టుమిషన్ల మీద బట్టలు కుట్టే షాపులో పనిచేసే పిల్ల. గదినిండా మిషన్లు టకటకలాడుతుంటే వాటిని మించి "ఆ నీలం దారం ఇటు పడెయ్" అని అరిచి అరిచి ఖంగుమనే గొంతు సంపాదించుకుంది. పైగా పుట్టింట్లో అందరూ ఒకేసారి మాట్లాడతారు, అయినా ఎవరి మాటా ఎవరికీ తప్పిపోదు.

కొత్తలో ఒకరోజు ఆ పిల్ల అంట్లు కడుగుతూ, వెనక్కి తిరక్కుండానే, షాపులో జరిగిన తమాషా ఏదో చెప్పబోయింది.

"అమ్మాయ్, కొళాయి కట్టెయ్," అన్నారు ఉష్‌గారు.

కట్టేసింది.

"ఇటు వచ్చి కూర్చో. మీ అత్తయ్యకి ఎదురుగా. ఇప్పుడు మొదట్నుంచీ చెప్పు."

"ఏం లేదు మావయ్యా, షాపుకి ఒకావిడ వచ్చి..."

"బల్ల తట్టలేదు."

"బల్లా?"

ఉష్‌గారు రెండు వేళ్ళతో బల్లని టక్ టక్ మని తట్టి చూపించారు. "మాట్లాడే ముందు ఇలా తట్టాలి. మాట వస్తోందని తెలుస్తుంది."

"మాట వస్తే వినపడుతుంది కదా మావయ్యా."

"మన ఇంట్లో ఇదే పద్ధతి," అన్నారాయన. అత్తగారు తలొంచుకుని పళ్ళేలు తుడుచుకుంటోంది. ఇంత తతంగం అయ్యేసరికి తమాషాలో తమాషా కాస్తా ఆవిరైపోయింది.

కోడలు మొగుడు రైలు డ్రైవరు. "మీ నాన్నగారికి ఇదేమైనా జబ్బా?" అని అడిగిందతన్ని.

"రోజంతా ఇంజిను హారన్ కింద కూర్చుని వచ్చేవాణ్ణి. ఈ ఇల్లు నాకు స్వర్గం. చెడగొట్టకు," అని దుప్పటి ముసుగు పెట్టాడతను.

ఇక ఆ ఇంటి స్వర్గసుఖాలు వినండి. మిక్సీ తిప్పాల్సి వస్తే ఉష్‌గారు దాన్ని బొంతలో చుట్టి, పసిపిల్లలా పొట్టకి హత్తుకుని, పెరట్లోకి తీసుకుపోయి తిప్పుకొచ్చేవారు. ఎవరైనా వస్తే ముందు ఫ్యాను కట్టేసేవారు. "మాటలా, గాలా, ఏదో ఒకటి తేల్చుకోండి" అనేవారు, వచ్చినవాళ్ళు చెమటలు కక్కుతూ మాటలే ఎంచుకునేవాళ్ళు. ఒకరోజు డ్యూటీకి బయల్దేరుతూ కొడుకు "నా సాక్సు ఒకటి కనపడటం లేదు" అన్నాడు. "కుర్చీ వేసుకుంది," అన్నారు ఉష్‌గారు. చూస్తే నిజంగానే కుర్చీ నాలుగు కాళ్ళకీ సాక్సులున్నాయి. మూడు కాళ్ళవి ఎప్పుడు పోయాయో అతను చూసుకోనేలేదు.

ఇవన్నీ కోడలు పళ్ళ బిగువున ఓర్చుకుంది. పడవ జోలికి వచ్చేసరికి మాత్రం ఊరుకోలేకపోయింది.

ఆ పడవ అత్తగారి తండ్రి తన చేత్తో చేసిన బొమ్మ పడవ. బొమ్మంటే చిన్నదేం కాదు, చాచిన చెయ్యంత పొడుగు. పలచటి చెక్క పట్టీలు వంచి, అతుకు కనపడకుండా అతికించిన ఒళ్ళు, లోపల పెట్రోలు ఇంజిను. ఏడాదికోసారి పడవల సరదా ఉన్నవాళ్ళంతా పార్కులో కొలను దగ్గర చేరేవాళ్ళు. పెద్దాయన ఇంజిను రాజేసి పడవని నీళ్ళలో దింపితే, రిమోటు పట్టుకుని నడిపించేది కూతురే. ఆయన పోయాక కూడా ఆవిడ చాన్నాళ్ళు నడిపింది. తర్వాత ఎందుకో మానేసింది. అడిగితే మోకాళ్ళ నొప్పులంటుంది. ఆ మోకాళ్ళతోనే రోజూ సాయంత్రం ఊరంతా చుట్టి వస్తుంది, అది వేరే విషయం.

ఈ ఏడు ఆ పెద్దాయన స్నేహితుడు, గడియారాలు బాగుచేసే తాత, పనిగట్టుకుని ఇంటికే వచ్చాడు. ఫ్యాను కట్టేశాక, బల్ల తట్టి, "అమ్మాయీ, నా కళ్ళు పనిచేస్తుండగా మీ నాన్న పడవని ఒక్కసారి నీళ్ళ మీద చూపించవే" అని అడిగాడు.

"చూద్దాం బాబాయ్," అంది అత్తగారు. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ ముఖం చూసింది కోడలు. వెళ్ళాలని ప్రాణం కొట్టుకుంటోంది, వెళ్ళడానికి భయపడుతోంది. ఎందుకు భయమో కోడలికి అర్థం కాలేదు. ఎలాగైనా ఈసారి ఆవిడ చేత పడవ నడిపించాలని మాత్రం గట్టిగా అనుకుంది.

మర్నాడు షాపు నుంచి వచ్చి చూస్తే ఏముంది, ఉష్‌గారు పడవలోంచి ఇంజిను పీకి పక్కన పడేసి, ఆ చోట మోటారు ఒకటి కూర్చోబెడుతున్నారు.

"ఏంటి మావయ్యా ఇది?"

"కరెంటు పడవ చేస్తున్నాను. బ్యాటరీతో నడుస్తుంది. చప్పుడుండదు."

"అత్తయ్య వాళ్ళ నాన్నగారు పెట్టిన ఇంజిను కదా. మీకు చప్పుడు పడకపోతే చెవుల్లో దూది పెట్టుకోండి, అంతేగానీ..."

"అది మరీ అరుస్తుందమ్మాయ్," అన్నారాయన తలెత్తకుండా. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు.

ఆ పడవ పుణ్యమా అని ఇల్లు ఇల్లులా లేకుండా పోయింది. ఇంజిను ఏళ్ళ తరబడి కక్కిన నూనె చెక్కలోకి ఇంకిపోయింది. దాన్ని పీల్చడానికి ఉష్‌గారు ఇంట్లో ఉన్న ముఖం పౌడరంతా పడవలో కుమ్మరించి, తుడిచి, మళ్ళీ కుమ్మరించారు. పడవ ఘుమఘుమలాడింది, ఇంట్లో ఆడవాళ్ళు జిడ్డు ముఖాలతో తిరిగారు. తర్వాత మోటారూ, పడవని ముందుకి తోసే ప్రొపెల్లరు కడ్డీ ఒకే గీత మీదికి రావాలట. వెంట్రుకవాసి తేడా ఉన్నా గుర్రుమంటుందట. మోటారు కింద అట్టముక్క దూర్చడం, స్క్రూడ్రైవరు మొన పడవకి ఆనించి పిడి చెవిలో పెట్టుకుని వినడం, పెదవి విరిచి అట్టముక్క పీకడం, ఇదే వరస. బరువైన ఇంజిను పోయి తేలికపాటి మోటారు వచ్చేసరికి పడవ నీళ్ళ తొట్టిలో తోక పైకెత్తి ముక్కు ముంచింది.

"నా పెద్ద కత్తెర కనపడటం లేదు మావయ్యా."

"పడవ తోకలో బరువుకి పెట్టాను. బ్యాటరీ ఎంత వెనక్కి జరపాలో తేలేదాకా దాన్ని కదపకు, మునుగుతుంది."

"స్కూలు యూనిఫారాలు కత్తిరించాలి మావయ్యా."

"ఉష్."

ఇంతలో ఒకరోజు షాపులో కరెంటు పోయి కోడలు పెందలాడే ఇంటికి బయల్దేరింది. వీధి మొదట్లోనే రేడియో పాట అదిరిపోతోంది. ఎవరింట్లోనా అనుకుంటూ వస్తే, తమ ఇంట్లోనే. లోపల ఉష్‌గారు గొంతెత్తి పాడుతూ, తాళానికి సరిగ్గా సుత్తితో రేకు మీద దరువేస్తున్నారు. అత్తగారు సాయంత్రం నడకకి వెళ్ళినట్టుంది. కోడల్ని చూడగానే ఆయన రేడియో కట్టేశారు.

"ఏంటి మావయ్యా ఆ చప్పుడు?"

"ఏ చప్పుడు?" అన్నారు, సుత్తి వీపు వెనక దాచుకుంటూ.

కోడలికి ఒళ్ళు మండిపోయింది. తను చేస్తే సంగీతం, మనం చేస్తే చప్పుడన్నమాట, ఇదీ ఈ పెద్దమనిషి పెద్దరికం అనుకుంది. అంతే, మూలన పడున్న పాత ఇంజినుని గుడ్డలో చుట్టి షాపుకి పట్టుకుపోయింది. పక్కనున్న బస్సుల మెకానిక్కు చేత శుభ్రం చేయించి, చెక్క దిమ్మకి బిగించింది. కొలను దగ్గర అందరి ముందూ దీన్ని మోగిస్తే అత్తగారి ముఖం ఎలా వెలిగిపోతుందో ఊహించుకుని మురిసిపోయింది.

ఆ రోజు రానే వచ్చింది. అత్తగారూ మామగారూ పడవతో ఎప్పుడో పొద్దున్నే వెళ్ళారు. కోడలు వెళ్ళేసరికి కొలను చుట్టూ ఇంజిన్లు ఒకటే రొద. అత్తగారు ఒడ్డున రిమోటు పట్టుకుని బిగుసుకుని నిలబడి ఉంది. వాళ్ళని ఆశ్చర్యపెట్టాలని కోడలు చెప్పకుండా ఆవిడ వెనక దిమ్మ పెట్టి తాడు లాగింది. ఇంజిను పెడబొబ్బ పెట్టింది. మెకానిక్కు ఎంత బాగా చేశాడంటే దిమ్మ కూడా గంతులేసింది.

సరిగ్గా అప్పుడే గడియారాల తాత పక్కనుంచి వచ్చి అత్తగారిని ఏదో అడిగాడు. ఆవిడ నవ్వి తలూపింది. ఆయన మళ్ళీ అడిగాడు. ఆవిడ మళ్ళీ అదే నవ్వు నవ్వి అలాగే తలూపింది. తాత ముఖం చిన్నబోయింది. అత్తగారు చుట్టూ వెతుక్కుంటున్నట్టు చూసింది.

ఉష్‌గారు జనాన్ని తోసుకుంటూ వచ్చి ఆవిడకి ఎదురుగా నిలబడ్డారు. ఆవిడ చేతి మీద రెండు వేళ్ళతో తట్టి, పెదాలు బాగా కదిలిస్తూ, "పడవ నడిపేది నువ్వేనా అని బాబాయి అడుగుతున్నాడు," అన్నారు.

"ఇంటికి వెళ్ళిపోదామండీ," అంది అత్తగారు. "మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి."

ఆ రెండు వేళ్ళ తట్టు చూసి కోడలు కొయ్యబారిపోయింది. కట్టేసిన కొళాయి, ఆపేసిన ఫ్యాను, సాక్సులేసుకున్న కుర్చీ అన్నీ వరసగా కళ్ళముందు తిరిగాయి. ఆవిడ ఇంట్లో లేనప్పుడు మోగిన రేడియో కూడా. చప్పుడు పడనిది ఆయనకి కాదు. చప్పుట్లో మాట పట్టుకోలేనిది అత్తగారు. ఆ సంగతి నలుగురికీ తెలిసి ఆవిడ చిన్నబోకూడదని, ఈయన ఏళ్ళ తరబడి వీధివీధంతా తనని చూసి నవ్వుకుంటుంటే నవ్వుకోనిచ్చారు.

కోడలు చటుక్కున వంగి ఇంజిను ఆపేసింది. తర్వాత, కుట్టుమిషన్ల మధ్య పెంచుకున్న గొంతంతా బయటికి తీసింది.

"అందరూ ఇంజిన్లు కట్టెయ్యండి!"

కొలను కొలనంతా అదిరి ఇటు తిరిగింది. "ఎందుకమ్మా?" అన్నాడెవరో.

"మా మావయ్యకి చప్పుడు పడదు."

ఉష్‌గారు కోడలి వంక చూశారు. వెంటనే ముఖం బాగా చిట్లించి, పెదాల మీద వేలు పెట్టి అందరికీ వినపడేలా "ఉష్" అన్నారు. ఈయన గొడవ మనకి తెలిసిందేగా అని గొణుక్కుంటూ ఒక్కొక్కరే ఇంజిన్లు ఆపారు.

"తాతగారూ, ఎదురుగా వచ్చి అడగండి," అంది కోడలు. "లేకపోతే మావయ్య ఊరుకోరు."

తాత ఎదురుగా వచ్చి అడిగాడు.

"నేనే బాబాయ్, నేను కాక ఎవరు నడుపుతారు," అంది అత్తగారు.

పడవ ఒడ్డు వదిలింది. నీళ్ళు చీలే సవ్వడి తప్ప మరేమీ లేదు. బాతులు కూడా బెదరలేదు, దారి ఇచ్చి తమ పని చూసుకున్నాయి. ఆవిడ పడవని కొలను మధ్యదాకా పంపి, గుండ్రంగా తిప్పి, తాత కాళ్ళ దగ్గరికి తెచ్చి ఆపింది.

"మీ నాన్న ఇలా చూస్తే ఏమనేవాడో," అన్నాడు తాత కళ్ళు తుడుచుకుంటూ.

"ముందు తిట్టేవారు. తర్వాత రిమోటు లాక్కునేవారు," అంది అత్తగారు. తాత పకపకా నవ్వాడు, ఆవిడా నవ్వింది. ఆ తర్వాత ఇద్దరూ ఎన్నాళ్ళ మాటలో చెప్పుకుంటూ కూర్చున్నారు. బాతులకి కూడా విసుగొచ్చి ఒడ్డెక్కేంతసేపు ఉష్‌గారు పక్కన కాపలా కాశారు.

ఆ సాయంత్రం అత్తగారు నడకకి బయల్దేరుతుంటే కోడలు కూడా చెప్పులేసుకుంది. వీధి మలుపు దాకా నడిచి, ఆవిడకి ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఇంజిను తెచ్చి మోగించాను. తెలియక చేశానత్తయ్యా."

"మంచిదైంది. నా చెవులు బాగున్నప్పుడు కూడా ఆ ఇంజిను అరుస్తుంటే మా నాన్న చెప్పింది ఒక్కటీ వినపడేది కాదు," అంది అత్తగారు. "వచ్చే వారం చెవుల డాక్టరు దగ్గరికి వెళ్దామనుకుంటున్నాను. నువ్వు తోడు రావాలి. చెవికి మిషను పెట్టుకోమంటే పెట్టుకుంటాను. ఆయనకి మాత్రం ఇప్పుడే చెప్పకు."

"ఎందుకూ?"

"తెలిస్తే ఇప్పట్నుంచే నా ముందు గొంతు సవరించుకుంటారు. ఇన్నాళ్ళూ ఎందుకు ఆగాననుకున్నావు? మిషను పెట్టుకుంటే ఆయన పాట వినాలి."

కోడలు తెల్లబోయింది. "రేడియో సంగతి మీకు తెలుసా?"

"నడక నుంచి వచ్చి ముట్టుకుంటే ఆ రేడియో ఇంకా వేడిగా ఉంటుంది. చప్పుడంటే ప్రాణం పెట్టే మనిషి. పాపం, రోజంతా నోరు కట్టుకుని తిరుగుతారు. అందుకనే రోజూ ఈ కాసేపు బయటికి వచ్చేస్తాను. మోకాళ్ళు నిజంగానే నొప్పి పెడతాయి, కానీ ఏం చేస్తాం." ఆవిడ వెనక్కి తిరిగి ఇంటి వైపు చూసింది. "మొదలెట్టారా?"

కోడలు చెవి ఒగ్గింది. రేడియో, దానికి తోడు సుత్తి, ఆ రెంటినీ తొక్కేస్తూ ఉష్‌గారి గొంతు.

"మొదలెట్టారు."

"ఎలా పాడుతున్నారు?"

కోడలు ఆవిడ చేతి మీద రెండు వేళ్ళతో తట్టి, పెదాలు బాగా కదిలిస్తూ చెప్పింది.

"ఘోరంగా అత్తయ్యా."

"అయితే ఇంకో వీధి తిరిగొద్దాం పద," అంది అత్తగారు.