హెల్సింకీలో కూర్చోలేని వదిన

మా అమ్మాయి ఈ మలయ్ దేశంలోనే పోర్ట్ క్లాంగ్‌లో ఓడల కంపెనీలో పనిచేస్తుంది. నిన్న పొద్దున్నే ఫోన్ చేసింది. ఆఫీసు పని మీద వచ్చే నెల హెల్సింకీ వెళ్లాలట. "అమ్మా, నువ్వు ఎల్లినావు కదా, ఏటేటి పట్టికెల్లాలో రాసి పంపు లా" అంది, ఇక్కడివాళ్లలాగే మాట చివర "లా" తగిలించి. దాని తెలుగు ఆపాటిదే. మిగతాదంతా తమిళం, మలయ్, ఇంగ్లీషు. తెలుక్ ఇంటాన్‌లో మా వంటింటి బల్ల దగ్గర, ఓ పక్క చారు మరుగుతుంటే, రాయడం మొదలుపెట్టాను. వేసవని నమ్మి పల్చటి బట్టలు సర్దుకోకు, సముద్రపు గాలి కోసేస్తుంది. ఇంట్లోకి చెప్పులతో వెళ్లకు, ఆ విషయంలో వాళ్లూ మనలాంటివాళ్లే. కుళాయి నీళ్లు భయం లేకుండా తాగొచ్చు. ట్రామెక్కే ముందే టికెట్టు కొనుక్కో. జూన్‌లో పొద్దు ఓ పట్టాన కుంకదు, పడుకునేటప్పుడు కళ్లకు నల్లగుడ్డ కట్టుకో. రేవు దగ్గర చేతిలో తిండి పట్టుకుని నిలబడకు, తెల్లటి సముద్రపు పక్షులు తన్నుకుపోతాయి. రేవు అని రాయగానే వదిన గుర్తొచ్చింది. ఇక చెయ్యి ఆడలేదు.

వదిన అంటే మా పెద్దన్నయ్య భార్య. మా పక్కూరు హుటాన్ మెలింటాంగ్‌లో అన్నయ్య చేపల పడవల ఇంజన్లు బాగుచేసేవాడు. ఓ మధ్యాహ్నం పని నుంచి వచ్చి నడుం వాల్చినవాడు మళ్లీ లేవలేదు. అప్పట్నుంచి వదిన కూర్చోవడం మానేసింది. మాటవరసకి అనడం లేదు. అన్నం నిలబడే తినేది. బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా కడ్డీ పట్టుకుని వేలాడేది. మా ఇంటికొస్తే నేను టీ కాచేలోగా గదులన్నీ తిరిగి, మడతపెట్టిన బట్టలే మళ్లీ మడతపెట్టి, రెండుసార్లు గేటుదాకా వెళ్లొచ్చేది. "మోకాళ్లరిగిపోతాయి వొదినా" అంటే "అరగనీ" అనేది. ఇలా మూడేళ్లు. వాళ్ల ఒక్కగానొక్క కూతురు హెల్సింకీలో నర్సు. అమ్మను తన దగ్గరే ఉంచేసుకోవాలని దాని పట్టుదల. వదినకో టికెట్టు, తోడుగా నాకో టికెట్టు పంపింది. విమానంలో తిండి బండికి అడ్డొస్తోందని అక్కడి అమ్మాయిలు వదినని నాలుగుసార్లు బతిమాలి కూర్చోబెట్టారు. నాలుగుసార్లూ లేచింది.

మేనకోడలి ఇల్లు చిన్నది, శుభ్రమైనది, చెవులు గింగురుమనేంత నిశ్శబ్దమైనది. "ట్రాములో గట్టిగా మాటాడకండి అత్తా, అందరూ తిరిగి సూస్తారు" అని హెచ్చరించి అది డ్యూటీకి వెళ్లిపోయేది. వదిన కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతుండేది. ఐదో రోజు పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి తలుపు ఓరగా తెరిచి ఉంది. వదిన లేదు. ఆమె ఫోను బల్ల మీదే ఉంది. ఇంగ్లీషు ముక్క రాని మనిషి! తడిజుట్టుతోనే కిందికి పరిగెత్తి, కనబడిన ట్రామెక్కి, అది ఎటో పోతోందని భయపడి దిగిపోయాను. అప్పుడు తట్టింది. మన ఊళ్లో అయితే వదిన ఎటు పోతుంది? పడవలుండే నీళ్ల వైపే కదా. ఓ ముసలాయన్ని సముద్రం ఎటని అడిగాను. ఆయన వీధి మలుపు దాకా నాతో నడిచి, రేవు వైపు చెయ్యి చూపించి, వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

రేవు పక్కన సంత. నారింజరంగు గుడారాలు, చేపల వాసన. పచ్చి బఠానీలమ్మే ఓ ముసలమ్మ దగ్గర నిలబడి వదిన కాయలు ఒలుచుకు తింటోంది. ఈమె తెలుగులో ఏదో చెబుతోంది, ఆవిడ తన భాషలో జవాబిస్తోంది.

"సెప్పకుండా వచ్చేసినావేటి వొదినా? నా పేనాలు పోయినాయి!" అని అరిచాను. సంతంతా తిరిగి చూసింది.

వదిన కాయలు కింద పెట్టేసింది. "ఆ ఇంట్లో ఊపిరాడ్డం లేదమ్మీ. మీ అన్న పోయిననాడు నాను పక్కింటి గుమ్మంలో కూకుని కబుర్లాడినాను. ముందే లేచి ఎల్లుంటే బతికేవోడు. ఇప్పుడు కూకుంటే సాలు, ఇంకెవులో పోతారనిపిస్తాది."

అన్నయ్య పడుకున్న కాసేపటికే, నిద్రలోనే అంతా అయిపోయిందనీ, పక్కన ఎవరున్నా ఏమీ చేయలేకపోయేవారనీ డాక్టరు ఆ రోజే నాతో చెప్పాడు. ఆ ఊసెత్తితే వదిన బాధపడుతుందని వాయిదా వేస్తూ వచ్చాను. ఆ సంతలో నిలబడి మొత్తం చెప్పేశాను.

వదిన నా మొహంలోకి చూసింది. "మూడేళ్లు నోట్లో ఏటెట్టుకున్నావే?" అంది.

ముసలమ్మకి ఏం అర్థమైందో, ఖాళీ చెక్కపెట్టె ఒకటి ముందుకు జరిపింది. వదిన దాని మీద కూలబడి, కొంగు మొహాన కప్పుకుని ఏడ్చింది. నేను ఆమె భుజం పట్టుకుని నిలబడ్డాను.

అక్కడ ఉండిపోవడానికి వదిన ఒప్పుకోలేదు. కూతురు అలిగింది, ఏడ్చింది, చివరికి ఊలు స్వెట్టరు కొనిచ్చి సాగనంపింది. ఇప్పుడు వదిన హుటాన్ మెలింటాంగ్‌లోనే ఉంది. కూర్చునే భోంచేస్తుంది. సాయంత్రాలు మాత్రం పడవల దాకా నడిచొస్తుంది, అది అలవాటుగా మిగిలిపోయింది. ఆ సంగతి మళ్లీ మేమెప్పుడూ మాట్లాడుకోలేదు. కానీ ఆమె నిలబడి అన్నం తిన్న రోజులు నాకిప్పటికీ కుదురు లేకుండా చేస్తాయి. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అంటూ నేను దాటేసిన ఆ మూడేళ్లూ నావే అనుకున్నాను. ఖర్చయిపోయింది మాత్రం వదిన కాలం.