కాళ్ళలో కనపడని వాపు

నిన్న పొద్దున్న సోంపేటలో మందుల షాపు ముందు ఉన్నాను. మరదలు ఫోన్ చేసింది.

"బావా, బేగి రా. అక్క లెగడం నేదు."

మందులు కౌంటర్ మీదే వదిలేసి వచ్చాను.

నా భార్య సుగుణ నిద్రలోనే వెళ్ళిపోయింది.

టెక్కలి కాలేజీలో మాతో చదివినవాళ్ళు ఏం జబ్బు అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పలేను. ఇక్కడ రాస్తున్నాను.

అల్జీమర్స్.

ఉద్దానంలో, మా కవిటిలో వాపు అంటే ఒకటే అర్థం. కిడ్నీ.

తను పొయ్యి మీద పాలు మర్చిపోతున్నా, తెలిసిన వీధిలో దారి తప్పుతున్నా, మా భయం దాని గురించే. క్రియాటినిన్ టెస్టులు చేయించాం. రోజూ లేవగానే ఒకరి కాలు ఒకరం బొటనవేలితో నొక్కి చూసుకునేవాళ్ళం. గుంట పడకపోతే వాపు లేనట్టే, ఆ పూటకి ధైర్యం.

వాపు తలలో ఉందన్నాడు వైజాగ్ డాక్టర్. పైకి ఉబ్బి కనిపించే వాపు కాదట.

"మెదడులో కాపలా కణాలుంటాయి. పేరుకున్న చెత్త తీయడానికి వస్తాయి. ఈ జబ్బులో అవి శాంతించవు, మండుతూనే ఉంటాయి. ఆ మంట మంచి కణాలకీ తగులుతుంది. జబ్బు దీనివల్లే మొదలవుతుందా అన్నది ఇంకా తేలలేదు."

"వాపు తగ్గే బిళ్ళలు ఇవ్వండి సార్" అన్నాను.

"పనిచేస్తాయని రుజువు లేదు. పైగా మీది ఉద్దానం. ఆ బిళ్ళలు కిడ్నీలకి మంచివి కావు, చూసుకోవాలి కదా."

తిరిగొస్తూ రైల్లో పలాస దాకా తను నా భుజం మీద నిద్రపోయింది. ఆ తల నిమరడానికి కూడా భయమేసింది.

మొన్న మధ్యాహ్నం కొబ్బరికాయ కొడుతున్నాను. నన్ను చూసి గోడకి అతుక్కుపోయింది.

"ఎవులే ఈ మనిషి? సేతిలో కత్తుంది. పొమ్మను."

కత్తి కింద పెట్టేశాను. తన కళ్ళలో అంత భయం ఎప్పుడూ చూడలేదు.

"నీ మొగుడే అక్కా. నచ్చకపోతే సెప్పు, సంతలో అమ్మేద్దుం" అంది మరదలు.

సుగుణ నవ్వలేదు. చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా వచ్చి నా పక్కన కూర్చుని, నా కాలు బొటనవేలితో నొక్కింది.

"గుంట నేదు. భయపడకు."

నా పేరు మాత్రం గుర్తు రాలేదు.

ఈ రోజు లేవగానే అలవాటుగా కాలు చాపి కూర్చున్నాను.

కాసేపటికి నేనే నొక్కుకున్నాను. గుంట లేదు.

భయం పోలేదు.

సుగుణా, ఎవరినీ చూసి బెదరక్కర్లేని చోట హాయిగా పడుకో.