దువ్వెన పట్టిన పిన్ని

మా పిన్నికి కుక్క కనబడితే బొచ్చు పాయ తీసి చర్మం చూడాల్సిందే. అది ఎవరి కుక్క, కరుస్తుందా, మేము ఎక్కడికి వెళ్తున్నాం అన్నవి ఆమెకు పట్టని విషయాలు. బయలుదేరేటప్పుడు కళ్లజోడైనా మరిచిపోతుంది గానీ, చేతిసంచిలో ఉక్కు దువ్వెన మరిచిపోదు.

కారు నడిపేది నేను కనుక ఆ ఖర్మ నా నెత్తిన పడింది. పంటి నొప్పితో దవడ పట్టుకుని డాక్టరు దగ్గరికి పోతున్న రోజున కూడా, దారిలో గోక్కుంటున్న కుక్కను చూసి కారు ఆపించింది. నేను మూలుగుతుంటే ఆమె దాని చెవుల వెనక గోమార్లు వెతికింది. స్నానం ఎప్పుడెప్పుడు చేయిస్తున్నావని దాని యజమానిని నిలదీసింది. రోజూ తన షాంపూతోనే అన్నాడతను గర్వంగా.

"రోజూ అలా తోమితే నీ తోలైనా మిగులుతుందా నాయనా?" అని, కుక్కల షాంపూ పేరు అతని అరచేతి మీద రాసి మరీ వదిలింది. మేము చేరేసరికి పళ్ల డాక్టరు తలుపు వేసుకుని వెళ్లిపోయాడు.

ఇంట్లోనూ నాకు సుఖం లేదు. నా కంచంలో ఉడకబెట్టిన గుడ్డు సగం మా కుక్కకు పోతుంది. ఇదేమిటని అడిగితే, దాని బొచ్చు నిగనిగలాడాలి, నిన్నెవరు చూస్తారు అంటుంది.

ఇదంతా ఒక ఎత్తు, కింది అంతస్తు పెద్దాయన సంగతి ఒక ఎత్తు. ఆయన గడియారాలు బాగుచేసి పేరు తెచ్చుకున్న మనిషి. ఒంటరివాడు. ఆయనకున్న తోడల్లా చీపురుకట్టలాంటి బొచ్చుకుక్క ఒకటి. ఈమధ్య దాని బొచ్చు జడలు కట్టింది, ఒళ్లు కంపు కొడుతోంది. గజ్జి పట్టిందని, పిల్లలకు అంటుకుంటుందని మేడంతా గొణుగుడు మొదలైంది. నెలాఖరులోగా దాన్ని ఎక్కడైనా వదిలేసి రమ్మని అపార్ట్‌మెంటు కార్యదర్శి చెప్పేసి వెళ్లాడు.

పిన్ని వింటే ఊరుకుంటుందా? నన్నూ, ఆ కుక్కనూ ఈడ్చుకుని పశువుల డాక్టరు దగ్గరికి నడిచింది. గజ్జీ లేదు, గాడిదగుడ్డూ లేదన్నాడాయన. జడల కింద తడి ఆరక చర్మం ఒరిసి ఎర్రబడిందట. మిషనుతో జడలు తీసేసి, పూతమందు ఇచ్చి, రోజూ మెల్లగా దువ్వితే చాలన్నాడు.

మర్నాడు సాయంత్రం పెద్దాయన చేతిలో దువ్వెనతో తలుపు తీయగానే, పలకరింపైనా లేకుండా పిన్ని చెయ్యి చాపింది.

"బాబాయిగారూ, మీకు దువ్వడం చేతకాదు. ఇటివ్వండి."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన ముఖం ఎర్రబడింది. "తల వెంట్రుకంత స్ప్రింగులు బిగించిన చేతులమ్మా ఇవి" అన్నాడు.

"గడియారాలకు బొచ్చుండదు కదండీ" అంటూ పిన్ని నేల మీద చతికిలబడి కుక్కను ముందుకు లాక్కుంది.

ఇక రోజూ అదే తంతు. ఆయన రుసరుసలాడుతూ తలుపు తీయడం, ఈవిడ ఏదో ఒకటి అని లోపలికి చొరబడటం. పెద్దవాళ్లతో ఆ మాటలేమిటని నేను మొత్తుకుంటే చెవిటివాడి ముందు శంఖమే.

ఒకరోజు ఆయనే టీ తెచ్చాడు. సాసరులో కప్పు టకటకలాడింది. మా దగ్గరికి వచ్చేసరికి సగం నేలపాలైంది. ఆయన నోరు తెరిచేలోపే పిన్ని కుక్కను కసిరింది. "దీని తోకండీ, ఎప్పుడూ ఎవరికో ఒకరికి తగులుతుంది."

ఆ తోక నా ఒళ్లో నిద్రపోతోంది.

తప్పు తోక మీదికి ఎందుకు నెట్టావని మెట్లెక్కుతూ అడిగాను. పిన్ని నడక ఆపలేదు.

"మొదటిరోజే చూశాన్రా. చేతులు వణుకుతున్నాయని ఆయన నోటితో చెప్పిస్తే, మర్నాడు తలుపు తియ్యడు. నాకు పొగరనుకుంటే నాలుగు తిట్టడానికైనా తీస్తాడు."

నెలాఖరున కార్యదర్శి వచ్చాడు. పట్టుకుచ్చులా మెరుస్తున్న కుక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. చర్మం మీద మచ్చయినా లేదు. ఇక ఎక్కడికీ పంపనక్కరలేదని, ఇంత బాగా ఎవరు చూసుకుంటున్నారని అడిగాడు.

"బాబాయిగారే. నాకూ నేర్పుతున్నారు" అంది పిన్ని.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "రేపు కాస్త పెందలాడే రా అమ్మా. నీ చెయ్యి ఇంకా మొరటుగానే ఉంది."

పిన్ని బుద్ధిగా తలూపింది.